నీళ్ల తొట్టి పక్కన జల్లెడ

ఇంగ్లండ్‌లో నేను పనిచేసేది బర్త్ సెంటర్‌లో, అంటే డాక్టర్లు లేకుండా మిడ్‌వైఫ్‌లే కాన్పులు చేసే చోట. అక్కడ నీళ్ల తొట్టి పక్కన గోడకి ఒక జల్లెడ వేలాడుతూ ఉంటుంది. పిండి జల్లెడ కంటే కాస్త చిన్నది, పొడుగు పిడి. చేరిన రోజు అది చూసి ఇదెందుకని అడిగాను. నాకు పని చూపిస్తున్న మిడ్‌వైఫ్ యాభై ఐదేళ్ల మనిషి, మొహమాటం లేకుండా చెప్పింది. నీళ్లలో కూర్చుని ముక్కేటప్పుడు బిడ్డ కంటే ముందు వేరేది కూడా వస్తుంది కదా, ఆ తల్లికి తెలియకుండా దీంతో తీసి పారేస్తాం అని. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలని మా నాయనమ్మ అనే మాట గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు. ఆ సామెతని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. మర్నాటికి అది మా టీ రూమ్ బోర్డు మీద ఉంది.

మన దగ్గర బీఎస్సీ నర్సింగ్ పాసైతే నర్సు, మిడ్‌వైఫ్ రిజిస్ట్రేషన్ రెండూ కలిపే ఇస్తారు. ఇంగ్లండ్‌లో అవి రెండు వేరు వేరు ఉద్యోగాలు. నేను మిడ్‌వైఫ్‌గానే పరీక్షలు రాసి 2021 చివర్లో ఇక్కడికొచ్చాను. అప్పటికి గుంటూరు జిల్లాలో ఒక ప్రభుత్వాసుపత్రి లేబర్ రూమ్‌లో నాలుగేళ్లు, విజయవాడలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో మూడేళ్లు చేశాను. కాన్పుల గురించి నాకు కొత్తగా ఎవరూ చెప్పేదేం లేదనుకునేదాన్ని.

ఆ ప్రభుత్వాసుపత్రిలో నైట్ డ్యూటీకి ఇద్దరు సిస్టర్లం, ఒక ఆయమ్మ. ఒక్కో రాత్రి పది పన్నెండు కాన్పులు. వచ్చినావిడని బల్ల మీద పడుకోబెట్టి, డ్రిప్పులో నొప్పులు పెంచే మందు కలిపి, తొలి కాన్పయితే బిడ్డ వచ్చే దారి దగ్గర కత్తెర వేసేయడమే. వేయాలా వద్దా అనే ప్రశ్నే ఉండదు, తొలి కాన్పుకి కోత అంటే ఇడ్లీకి చట్నీ లాంటిది. బిడ్డ ఆలస్యమైతే ఆయమ్మ స్టూలెక్కి పొట్ట మీద రెండు చేతులూ వేసి నొక్కేది. "ముక్కమ్మా, గట్టిగా ముక్కు" అని అరిచి అరిచి తెల్లారేసరికి నా గొంతు పోయేది. తల్లిగారు బయట బెంచీ మీద, మొగుడు గేటు దగ్గర. లోపల ఆ పిల్ల ఒక్కతే. నేనూ ఒకరిద్దరి తొడ మీద చరిచాను. రాయడానికి సిగ్గుగానే ఉంది. ఇంత చేసి, కేస్ షీట్ మీద 'నార్మల్ డెలివరీ' అని రాసేవాళ్లం.

ప్రైవేటులో ఈ అరుపులుండవు. అక్కడ పంచాంగం ఉంటుంది. మంచి రోజు వస్తే థియేటర్ ముందు స్ట్రెచర్లు వరసకట్టేవి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్లేనని తేలింది. దేశం మొత్తానికి అది 21.5. ఆ లెక్క చూసి అందరూ ముక్కున వేలేసుకున్నారు, నేను మాత్రం వేసుకోలేదు. ఇటు ఆ స్టూలు, అటు మత్తుమందూ మంచి ముహూర్తమూ. కాస్త డబ్బున్న ఆడపిల్ల ఏది ఎంచుకుంటుంది?

ఇక్కడికొచ్చాక మొదటి దెబ్బ నిశ్శబ్దం. ఇబ్బందులేం లేని కాన్పుకి డాక్టర్ రానే రారు, మిడ్‌వైఫ్‌దే బాధ్యత. గదిలో లైట్లు తగ్గించి ఉంటాయి. ఆవిడ మోకాళ్ల మీదో, బంతి మీదో, నీళ్లలోనో తనకి నచ్చినట్టు ఉంటుంది. నోట్లో నొప్పి తగ్గించే గ్యాస్ గొట్టం పెట్టుకుని పీలుస్తూ మధ్యమధ్యలో నవ్వుతుంది కూడా. మేం పావుగంటకోసారి, నొప్పి తగ్గగానే ఒక నిమిషం పాటు బిడ్డ గుండె చప్పుడు విని రాసుకుంటాం. అంతే పని. నా చేతులు ఊరుకునేవి కావు. ముందు వేళ్లు పెట్టి చూడాలనిపించేది, తర్వాత డ్రిప్పు, ఆ తర్వాత కత్తెర. ఒకరోజు ఆ పెద్దావిడ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకోమంది. తమాషాకి కాదు, నిజంగానే. అలా నలభై నిమిషాలు కూర్చున్నాను. నన్నెవరో పనిలోంచి తీసేసినట్టుంది.

బిడ్డ పుట్టింది. కోత లేదు, లోపల చిన్న గీత, అంతే. తల్లి గుండె మీద పడుకోబెట్టారు. నేను అలవాటుగా బొడ్డుతాడుకి క్లాంప్ తీసుకున్నాను. ఆగమని సైగ చేసి, నా వేళ్లు తీసుకెళ్లి తాడు మీద పెట్టింది పెద్దావిడ. లావుగా, నీలంగా, జారిపోతూ, నాడి కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది. మూడు నాలుగు నిమిషాలకి నెమ్మదించి, తెల్లబడి, తడిసిన చీరకొంగులా మెత్తబడింది. కొన్ని వందల బొడ్డుతాళ్లు కోసిన నేను ఒక తాడు ఆగిపోవడం చూడటం అదే మొదలు. ఆ రాత్రి రూముకి వెళ్లి అమ్మకి ఫోన్ చేసి ఏడ్చాను. ఉద్యోగం పోయిందేమోనని ఆవిడ టెన్షన్ పడింది.

కొత్త మతం పుచ్చుకున్నవాళ్లకి భక్తి ఎక్కువంటారు. ఆరు నెలలు నేనూ అంతే. డ్రిప్పు స్టాండు చూస్తే ఒళ్లు మండేది. అప్పుడొచ్చింది, 2022 మార్చిలో, ష్రూస్‌బరీ, టెల్‌ఫర్డ్ ఆసుపత్రుల మీద సీనియర్ మిడ్‌వైఫ్ డోనా ఓకెన్‌డెన్ ఇచ్చిన విచారణ నివేదిక. వైద్యం సరిగ్గా అంది ఉంటే 201 మంది పిల్లలు బతికి ఉండేవాళ్లేమోనని తేల్చింది. కారణాలు చాలా ఉన్నాయి. సిబ్బంది కొరత, గుండె చప్పుడు రికార్డుని సరిగ్గా చదవకపోవడం, జరిగినదాన్నుంచి ఏమీ నేర్చుకోకపోవడం. వాటితోపాటు, ఆపరేషన్లు తక్కువ చేస్తామన్న గొప్ప కూడా ఒకటి. అంతకు ముందే 2015లో మోర్‌కాంబ్ బే ఆసుపత్రి మీద డాక్టర్ బిల్ కిర్కప్ ఇచ్చిన విచారణ నివేదిక, అక్కడ కొందరు మిడ్‌వైఫ్‌లు ఏమైనా సరే సహజ కాన్పే కావాలని పట్టుబట్టారని రాసింది. ఇక్కడి మిడ్‌వైఫ్‌ల సంఘం, రాయల్ కాలేజ్ ఆఫ్ మిడ్‌వైవ్స్, 2005లో మొదలుపెట్టిన 'నార్మల్ బర్త్' ప్రచారాన్ని తర్వాత వదిలేసింది కూడా.

ఆ వారం మా టీ రూమ్‌లో టీ చల్లారిపోయేది. ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్నవాళ్లకి కోపం. ఆడవాళ్లని బల్లలకి కట్టేసిన రోజుల్లోంచి పోరాడి ఇంత దూరం తెచ్చాం, ఇప్పుడు మేమే దోషులమా అని. కొత్తగా చదువుకొచ్చిన పిల్లలు 'నార్మల్' అనే మాటే పలకరు. ఆపరేషన్ అయినావిడ అబ్‌నార్మలా అంటారు. నన్నడిగితే ఇద్దరి మాటా నిజమే అనిపించేది, అందుకని బిస్కెట్ తినేదాన్ని.

నోరు మూసుకుని ఉండలేని రాత్రి ఒకటి వచ్చింది. తొలి కాన్పు, బర్త్ సెంటర్‌లో. గంటకి పైగా ముక్కుతోంది, తల ఉన్నచోటే ఉంది. నాతో ఉన్న సీనియర్‌ది బంగారం లాంటి చెయ్యి. బిడ్డ గుండె మొదట నిమిషానికి 135 సార్లు కొట్టుకునేది, ఇప్పుడు 150. మొదలున్నదానికి ఇరవై పెరిగితే డాక్టర్లున్న వార్డుకి పంపాలి. పెరిగింది పదిహేను. ఉమ్మనీరు తేటగానే ఉంది. ఇంకో అరగంట ఇద్దాం, ఆవిడ చేయగలదు అంది సీనియర్. రూలు ప్రకారం తప్పేం లేదు. కానీ గుంటూరు జిల్లాలో ఆ బల్లల మధ్య తిరిగిన రోజుల నుంచి నా పొట్టలో ఒక బెదురు ఉంది, అది కదిలింది. తల్లినే అడిగాను, ఇలా ఉంది, ఇక్కడే ఆగుదామా, పైకి వెళదామా అని. పైకి తీసుకెళ్లండి అంది.

పైన వాక్యూమ్ పెట్టి తీశారు, కోతా పడింది. బిడ్డ బయటికి రాగానే కెవ్వున ఏడ్చాడు. ఏ లోటూ లేదు. సీనియర్ నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. రెండు వారాలు మాట్లాడలేదు. అరగంట ఆగి ఉంటే కోత లేకుండా కిందే పుట్టేవాడేమో. ఏమో, పుట్టేవాడు కాదేమో. కొన్ని రాత్రులు ఆ 135, 150 అంకెలు వేసుకుని మళ్లీ కూర్చుంటాను. మళ్లీ అదే జరిగితే మళ్లీ అదే అడుగుతాను, ఆ తల్లి కుట్లు గుర్తుండి కూడా.

ఇప్పుడిక్కడా ఆపరేషన్లు పెరిగిపోయాయి. 2023-24లో ఇంగ్లండ్‌లో నూటికి 42. మన ఆంధ్రా అంకెకి దాదాపు సమానం. అక్కడ మంచి రోజు అడిగేవాళ్లు, ఇక్కడ పెద్ద వయసు తల్లులు, షుగరు, బరువు, ముందు కాన్పు భయం. ఆపరేషన్ల శాతాన్ని చూసి ఆసుపత్రికి మార్కులేయడం 2022లోనే మానేశారు.

పోయిన శీతాకాలం ఒక తెలుగమ్మాయి వచ్చింది. మొదటి బిడ్డ హైదరాబాద్‌లో ఆపరేషన్. ఇక్కడ రెండోదానికి డాక్టర్లు ఆమెనే అడిగారు. నార్మల్‌కి ప్రయత్నిస్తే నలుగురిలో ముగ్గురికి అవుతుంది, పాత కుట్టు విడిపోయే ప్రమాదం రెండు వందల్లో ఒకరికి, వద్దంటే మళ్లీ ఆపరేషన్ చేస్తాం, మీ ఇష్టం అని. ఆ అమ్మాయి కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "అన్నీ నన్నే అడుగుతారేంటక్కా? వాళ్లకి తెలియదా?" అంది. నాకు నవ్వూ వచ్చింది, బాధా వేసింది. మనవైపు ఎవరూ అడగరని ఏడుస్తాం. అడిగితే, మనల్ని వదిలేశారేమో అనిపిస్తుంది. "మీరే చెప్పండక్కా, మీ చెల్లెలైతే ఏం చెబుతారు?" అంది. చెప్పకూడదు. వివరాలు మళ్లీ తెలుగులో చెప్పాను, అంతవరకే.

ఆపరేషనే అనుకుంది. ఆసుపత్రి ఇచ్చిన తేదీ అమావాస్య. వాళ్ల అత్తగారు వీడియో కాల్‌లో నన్నే నిలదీశారు, "తెలుగుదానివై ఉండి అమావాస్య రోజు పెడతారా తల్లీ?" అని. తేదీ మార్చడం నా చేతిలో లేదండీ అన్నాను. ఆవిడ మొర ఎవరు విన్నారో గానీ, నాలుగు రోజుల ముందు రాత్రి ఆ అమ్మాయికి నొప్పులొచ్చాయి. నా డ్యూటీలోనే వచ్చింది. చూస్తే గర్భసంచి ముఖద్వారం అయిదు సెంటీమీటర్లు తెరుచుకుంది, తల బాగా కిందికి దిగింది. నాలుగు గంటల్లో పుట్టేస్తుందని నా చేతులకి తెలిసిపోయింది. డాక్టర్ వచ్చి మళ్లీ అడిగింది, ఇప్పుడేం చేద్దామని. ఆ అమ్మాయి నా మొహం చూసింది. ఇంత దూరం వచ్చావు, ఇంకొంచెం ఓర్చుకోమ్మా అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. గ్లౌజులు తీసి చెత్తబుట్టలో వేస్తూ నిలబడ్డాను. "ఆపరేషనే చేయండి" అంది.

తెల్లారి వార్డులోకి వెళ్లేసరికి అత్తగారు ఫోన్లో ఉన్నారు. "టైమెంతమ్మా, నిమిషాలతో సహా చెప్పు." మూడు నలభై ఏడు అన్నాను. ఆవిడ రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. కాసేపాగి అడిగారు, "మా టైమా, మీ టైమా?"