యాభై నాలుగో రోజు

పొద్దున తొమ్మిదింపావుకి ఆఫీసు తలుపు తీద్దామని వచ్చేసరికే మెట్ల మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో రిమాండ్ రిపోర్టు జిరాక్సు. లోపలికి వచ్చి గోడ మీది సర్టిఫికెట్ల వంక చాలాసేపు చూశాడు. "మేడం, ఏమనుకోకున్రి. మీరేం సదివిన్రు? పోలీసు కేసులే జూస్తరా, భూముల కేసులు గూడ జూస్తరా?"

ఏమీ అనుకోలేదు. కొడుకు చంచల్‌గూడ జైల్లో ఉన్నాడు. పిల్లాణ్ణి ఎవరి చేతిలో పెడుతున్నాడో ఆయనకు తెలియాలి కదా. ఉస్మానియాలో ఎల్‌ఎల్‌బీ, అక్కడే క్రిమినల్ లాలో ఎల్‌ఎల్‌ఎం, పంతొమ్మిదేళ్లుగా నాంపల్లిలో క్రిమినల్ కేసులే అని చెప్పాను. తలూపాడు. ఆ జవాబు చాలలేదని నాకే రోజంతా అనిపిస్తూ ఉంది.

కవరు విప్పి చదివాను. చీటింగ్ కేసు, భారతీయ న్యాయ సంహిత 318(4). గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. అంటే 60 రోజుల్లోపు పోలీసులు చార్జిషీట్ వేయకపోతే బెయిల్ అడిగే హక్కు వస్తుంది. (పదేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాలైతే 90 రోజులు.) వేళ్లు మడిచి లెక్కపెట్టాను. రిమాండ్ చేసిన రోజును కూడా కలుపుకోవాలని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి ఇవాళ్టికి 54. ఆ హక్కు దానంతటదే రాదు, అడగాలి. మనం అడిగేలోగా చార్జిషీట్ పడిందంటే పోయినట్టే. "ఇద్దరు జామీనుదార్లను కాగితాలతో సహా చూసి పెట్టుకోండి" అన్నాను.

కోర్టులో ఇవాళ 2022 నాటి గొలుసు దొంగతనం కేసు. కొత్త చట్టాలు అమల్లోకి వచ్చిన 2024 జూలై 1కి ముందు జరిగిన నేరం కాబట్టి పాత చట్టమే. సంచిలో ఇంకా రెండు జతల పుస్తకాలు మోస్తున్నాను. ఇన్నేళ్లు నోట్లో నానిన సెక్షన్ 161 (పోలీసులు సాక్షుల మాటలు రాసుకునేది) ఇప్పుడు 180, 438 (ముందస్తు బెయిల్) ఇప్పుడు 482. కొత్త నంబర్లను ఎక్కాల్లా వల్లె వేశాను.

పోయిన వాయిదాలో గొలుసు పోగొట్టుకున్నావిడ "వీధి దీపం వెలుగులో మొహం బాగా చూశాను" అంది. పోలీసులు రాసుకున్న 161 స్టేట్‌మెంట్‌లో దీపమూ లేదు, మొహమూ లేదు. "గుర్తు తెలియని వ్యక్తి" అని ఉందంతే. అదే అడిగితే, "వాళ్లకీ చెప్పాను" అంది. అక్కడితో వదిలేస్తే ఆ తేడా రుజువు కాదు. రాసుకున్న అధికారి నోటితోనే రావాలి. ఇవాళ ఆయన బోనెక్కారు. నా ప్రశ్నకి ఫైలు తిప్పి, ఆ పేజీ రెండుసార్లు చదువుకుని, "చెప్పలేదండీ" అన్నారు. జడ్జిగారు డిక్టేట్ చేశారు: "వీధి దీపం వెలుగులో చూశానని మొదటి సాక్షి నా దగ్గర చెప్పలేదన్న మాట నిజం." స్టెనో టైపు చేయడం ఆగేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. గుర్తింపు పరేడ్ (నలుగురిలో నిలబెట్టి నిందితుణ్ణి గుర్తుపట్టమనడం) పెట్టలేదని కూడా ఒప్పుకున్నారు.

ఆవిడ అబద్ధం చెప్పిందనుకోను. స్టేషన్లో నా క్లయింటు కుర్రాణ్ణి చూపించాక, ఆ రాత్రిని తలుచుకున్నప్పుడల్లా ఆ మొహమే కనబడి ఉంటుంది. ఆవిడ మీద గొంతు పెంచలేదు. పెంచాల్సిన పనే లేదు.

ముఖ్యమైన సంగతి పోలీసులకు చెప్పకపోవడం కూడా వైరుధ్యమే కావచ్చన్న పాత చట్టం 162 సెక్షన్ వివరణ మీద ఎల్‌ఎల్‌ఎంలో పరీక్ష రాశాను, మంచి మార్కులే వచ్చాయి. కానీ దాన్ని పట్టుకోవడం నేర్పింది మా సీనియర్ గారు. మొదటి రెండేళ్లు పాస్‌ఓవర్ (కేసును కాసేపాగి పిలవమనడం) అడగడానికి తప్ప కోర్టులో నన్ను నోరు విప్పనివ్వలేదు. రూళ్ల కాగితానికి నడుమ గీత గీసి, ఎడమ పక్క పోలీసులకు చెప్పింది, కుడి పక్క కోర్టులో చెప్పింది, వాక్యానికి వాక్యం చేత్తో రాయించేవారు. ఎడమ వైపు ఎక్కడ ఖాళీ మిగిలిందో అక్కడ ఎర్ర సిరాతో సున్నా చుట్టాలి. నిన్న రాత్రి కూడా అలాగే చుట్టాను. దీపం దగ్గర ఒకటి, మొహం దగ్గర ఒకటి.

పెద్దాయనకు ఇదంతా ఎలా చెప్పేది? ఆ సర్టిఫికెట్ల పక్కన ఒక రూళ్ల కాగితం కూడా పెట్టి ఉంటే చూపించేదాన్ని.

కేసు ఆర్గ్యుమెంట్స్‌కి పడింది. మెట్రోలో నిలబడే వచ్చాను. రాత్రి పెద్దాయన కొడుకు బెయిల్ పిటిషన్ టైపు చేసి తేదీ దగ్గర ఖాళీ వదిలాను. 61వ రోజు పొద్దున్నే కోర్టులో వేయాలి. ఇంతలో ఆయనే ఫోన్ చేశాడు. ఒక జామీనుదారు దొరికాడట, పిల్లాడి మేనమామ. రెండో మనిషి కోసం రేపు ఊరికి పోతున్నాడట.