ఎక్స్86లో నడిచి, ఆర్మ్64లో కూలిన నా డ్రైవర్

ప్యాకెట్లు పంపే ఒక కార్డుకు నేను రాసిన లినక్స్ డ్రైవర్ ఇది. ఎక్స్86 ప్రాసెసర్ (ఇంటెల్, ఏఎండీ తరహా) మీద ఏడాదిగా ఏ ఇబ్బందీ పెట్టని దాన్ని, ఆర్మ్64 అనే వేరే రకం ప్రాసెసర్ ఉన్న బోర్డు మీద లోడ్ చేశాను. మొదటి ప్యాకెట్ పంపగానే కెర్నల్ ఊప్స్, అంటే కెర్నల్ లోపలే కూలింది. లాగ్‌లో అలైన్‌మెంట్ ఫాల్ట్ (సరైన బైట్ల హద్దు మీద లేని అడ్రస్‌ను తాకిన తప్పు), కోడ్ హెక్స్‌లో 21.

పాయింటర్ చూస్తే సరిగ్గా ఎనిమిది బైట్ల హద్దు మీదే ఉంది. రెండు రోజులు స్ట్రక్చర్ల ప్యాకింగ్‌నే అనుమానించాను. చివరికి డిస్‌అసెంబ్లీ తీస్తే విషయం బయటపడింది. నా ప్యాకెట్ హెడర్ 13 బైట్లు. మెమరీని కాపీ చేసే మెమ్‌కాపీ ఫంక్షన్ దాన్ని బైటు బైటుగా రాయదు. మొదటి ఎనిమిది ఒకసారి, చివరి ఎనిమిది ఇంకోసారి రాస్తుంది. మధ్యలో మూడు బైట్లు రెండుసార్లు పడతాయి, దాంతో నష్టం లేదు. కానీ ఆ రెండో రాత ఆఫ్‌సెట్ 5 దగ్గర మొదలవుతుంది! మామూలు ర్యామ్‌లో అయితే ఫర్వాలేదు. నేను రాస్తున్నది ఐఓరీమ్యాప్‌తో (కార్డు మెమరీని కెర్నల్‌కు అందేలా మ్యాప్ చేసే ఫంక్షన్) తీసుకున్న కార్డు మెమరీలోకి. ఆర్మ్64లో అది డివైస్ మెమరీ, అంటే పరికరాల కోసం కఠిన నియమాలున్న రకం; అక్కడ హద్దు తప్పితే ఫాల్ట్ తప్పదు. ఎక్స్86 మాత్రం అన్‌క్యాష్డ్ (క్యాష్‌లో పెట్టని) మెమరీలోకి కూడా అలాంటి రాతను ఒప్పుకుంటుంది. అందుకే నా తప్పు ఇన్నాళ్లూ కనబడలేదు.

టెన్షన్‌లో తొందరపడి, మొత్తం మ్యాపింగ్‌ను ఐఓరీమ్యాప్_డబ్ల్యూసీకి (డబ్ల్యూసీ అంటే రైట్ కంబైనింగ్, రాతలను కలిపి పంపడం) మార్చేశాను. ఫాల్ట్ పోయింది. కానీ కమాండ్లు మాయం కావడం మొదలైంది. ఒకే ఫైఫో రిజిస్టర్‌కి (కమాండ్లను వచ్చిన వరసలో తీసుకునేది) బారియర్ వేయని రైట్‌ఎల్_రిలాక్స్‌డ్‌తో వరసగా మూడు కమాండ్లు పంపితే, కార్డుకి ఒక్కోసారి చివరిది ఒక్కటే చేరేది. ఆర్మ్64లో రైట్ కంబైనింగ్ అంటే నార్మల్ నాన్‌క్యాషబుల్. అందులో ఒకే అడ్రస్‌కి వెళ్లే రాతలను కలిపేయవచ్చు, వరస మార్చవచ్చు, అడగకముందే చదివేయవచ్చు. చదివితే క్లియర్ అయ్యే స్టేటస్ రిజిస్టర్ కూడా అదే మ్యాపింగ్‌లో ఉందని గుర్తొచ్చి నిజంగా భయమేసింది.

అప్పుడు కూర్చుని రెండు ప్రాసెసర్ల మెమరీ రకాల టేబుళ్లు చదివాను. రెండు చోట్లా పేజీ ఎంట్రీలో (ఒక మెమరీ పేజీ ఎక్కడుందో, ఎలా వాడాలో చెప్పేది) ఈ విషయానికి ఉండేది మూడు బిట్ల సూచిక మాత్రమే. అసలు అర్థం ఎక్స్86లో ప్యాట్ రిజిస్టర్‌లో, ఆర్మ్64లో మెయిర్ రిజిస్టర్‌లో ఉన్న ఎనిమిది గదుల్లో ఉంటుంది. అప్పటిదాకా నేను "క్యాష్ చేయాలా, వద్దా" అన్న ఒక్క ప్రశ్నే అడుగుతున్నాను. ఆర్మ్64లో ఐఓరీమ్యాప్ ఇచ్చే డివైస్-ఎన్‌జీఎన్ఆర్ఈ అన్న పేరును విడదీసి చదివితే కలపకూడదు, వరస మార్చకూడదు, రాత గమ్యం చేరకముందే చేరిందని జవాబివ్వవచ్చు అని మూడు మాటలున్నాయి. నాకు కావాల్సినవి అవే.

ఆ తర్వాత పని తేలికైంది. రిజిస్టర్లకు ఐఓరీమ్యాప్, డేటా బఫర్‌కు ఐఓరీమ్యాప్_డబ్ల్యూసీ అని రెండు మ్యాపింగ్‌లు విడగొట్టాను. మెమ్‌కాపీ తీసేసి మెమ్‌కాపీ_టుఐఓ పెట్టాను. అది హద్దు చేరేదాకా బైట్లు రాసి, ఆపైన ఎనిమిదేసి రాసి, మిగిలినవి మళ్లీ బైట్లుగా రాస్తుంది. డోర్‌బెల్ (పని సిద్ధమని కార్డుకి చెప్పే రిజిస్టర్) కొట్టే ముందు, అంతకుముందు రాతలు ముందే వెళ్లేలా చూసే డబ్ల్యూఎంబీ బారియర్ వేశాను.

ఇప్పుడు రిస్క్-ఫైవ్ అనే మూడో రకం ప్రాసెసర్ మీద ఉన్నాను. అక్కడ పేజీ ఎంట్రీలోని 61, 62 బిట్లతో ఇదంతా చెప్పాలంటే ఎస్‌వీపీబీఎంటీ ఎక్స్‌టెన్షన్ ఉండాలి. నా బోర్డులో లేదు. ఆ ఫిజికల్ అడ్రస్‌కు హార్డ్‌వేర్ ఏది నిర్ణయిస్తే అదే. కమాండ్లు ఒక్కటీ పోవడం లేదు, బఫర్ రాతలే నెమ్మదిగా వెళ్తున్నాయి.