90 దాటితే వణుకు

అందరూ పడుకున్నారు. నా అరచేతుల్లో మాత్రం ఇంకా ఆ వణుకు ఉన్నట్టే ఉంది, అందుకే ఈ టైపింగు. నిన్న కారుకి కొత్త రిమ్ములూ చలికాలం టైర్లూ వేయించాం కదా, గంటకి 80 కిలోమీటర్ల వరకూ హాయిగా పోతోంది, 90 దాటగానే స్టీరింగ్ సన్నగా అదరడం మొదలు. 110 దగ్గర మళ్ళీ తగ్గుతుంది. సీట్లో ఏమీ తెలియట్లేదు, స్టీరింగ్‌లోనే తెలుస్తోంది, అంటే గొడవ ముందు చక్రాలదే. ఈయనకి చెప్తే "రోడ్డు అలా ఉంది, నీకన్నీ అనుమానాలే" అని ఒక్క మాటలో తేల్చేశారు. ఆయన ధ్యాసంతా నల్ల రిమ్ముల మీదే. పొద్దున్నుంచీ కారు చుట్టూ తిరిగి ఫొటోలు.

షాపులో కుర్రాడు పని చేస్తుంటే నేను పక్కనే నిలబడి చూశాను (చూడకపోయినా బాగుండేది, ఈ టైముకి నిద్రపోయేదాన్ని). కొత్త రిమ్ము మధ్యలో రంధ్రం 73.1 మిల్లీమీటర్లు, ఆ రంధ్రంలో కూర్చునే మా కారు హబ్బు, అంటే ఇరుసు చివరి బొడ్డు, 64.1. బయట కొన్న రిమ్ములు చాలామటుకు ఇంతే, నాలుగు రకాల కార్లకి సరిపోవాలని రంధ్రం పెద్దగా పెడతారు, ఆ మధ్య ఖాళీలోకి ఒక ప్లాస్టిక్ రింగు వేస్తారు. చూడ్డానికి డబ్బా మూతలో ఊడిపోయిన వాషరులా ఉంటుంది, ఖరీదు కూడా దానికి తగ్గట్టే. అది లేదేమని అడిగాను. "నట్లే సెంటర్ చేసుకుంటాయి, అక్కర్లేదు" అన్నాడు, తల కూడా ఎత్తకుండా. ఆ తర్వాత నట్లు బిగించే గన్ను తీసి డర్ర్‌మని ఒక నట్టు చివరికంటా బిగించేశాడు, దాని పక్కది, దాని పక్కది, వరసగా. ఎదురెదురుగా బిగించాలని ఎవరూ నేర్పలేదా? నట్టు ఎంత బలంగా బిగించాలో మా కారు పుస్తకంలో 108 న్యూటన్ మీటర్లు అని రాసి ఉంది, ఆ బలం కొలిచి బిగించే టార్క్ రెంచ్ గోడకి వేలాడుతూనే ఉంది, దాని జోలికే పోలేదు. అడిగితే "గన్నుకి లెక్క ఉంటుందండీ" అన్నాడు. ఏం లెక్కో మరి. పాత నట్ల అడుగు గుండ్రం, ఈ రిమ్ములకి కోసుగా ఉన్నవి కావాలి, ఆ నట్లు మాత్రం సరైనవే ఇచ్చారు. అంత తెలిసిన మనిషికి రింగు సంగతి తెలియదా అన్నదే నా మంట.

అసలు ఈ టైర్ల గోల పోయిన చలికాలం నుంచి నడుస్తోంది. "ఆల్ వీల్ డ్రైవ్ ఉండగా వేరే టైర్లెందుకు" అన్నది ఈయన వాదన. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందడం కదలడానికి పనికొస్తుంది, ఆగడానికి కాదు మహానుభావా అని ఎన్నిసార్లు చెప్పానో. పాత టైర్ల మీద ఎమ్ ప్లస్ ఎస్ (బురద, మంచు) అని ఉంది చూడు అనేవారు. అది గాళ్ళ తీరుని బట్టి వేసే గుర్తు, మంచు మీద పరీక్షలో నెగ్గినవాటికి కొండ మీద మంచురవ్వ బొమ్మ వేరే ఉంటుంది. పైగా మామూలు టైర్ల రబ్బరు 7 డిగ్రీల కిందికి వస్తే గట్టిపడి పట్టు తగ్గుతుంది. ఇవన్నీ చెప్పినా వినలేదు, ఆ వాలు మీద సంగతి జరిగేదాకా.

పోయిన చలికాలం ఆ వాలు మీద జారిన సంగతి మీకు అప్పుడు సగమే రాశాను. స్పీడు లేదు, ముందు బండి కూడా లేదు, ఎర్ర లైటు దూరం నుంచే కనిపించింది. బ్రేకు తొక్కాను. కాలి కింద ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా బ్రేకుని వదిలి పట్టేది) టకటకా కొట్టుకుంటోంది, స్టీరింగ్ నా చేతిలోనే ఉంది, కారు మాత్రం ఏ తొందరా లేనట్టు నింపాదిగా కిందికి జారుతోంది. ఆ నింపాదే భయం. వేగంగా జరిగేవాటిలో ఆలోచించే టైముండదు, ఇక్కడ బోలెడంత ఉంది, చెయ్యడానికేమీ లేదు. వెనక సీట్లోంచి చిన్నది "అమ్మా, ఎందుకు ఆపట్లేదు?" అంది. ఏం చెప్పను? కుడి చక్రం రోడ్డు అంచు గట్టుకి తగిలి ఆగింది. పక్క సీట్లో ఉన్న పెద్దమనిషి అప్పుడన్నారు, "టైర్లు చూద్దాంలే" అని.

ఇవాళ పొద్దున అదే వాలు మీద, అంతే మంచులో, తొక్కినచోట ఆగింది. బాగుంది.

రాస్తూంటే ఇంకో మాట తడుతోంది. ఆ కుర్రాడన్నది పూర్తిగా తప్పేం కాదు. కోసు నట్లు రిమ్ముని నిజంగానే మధ్యకి లాగుతాయి, కాకపోతే చక్రం గాల్లో ఉండగా, ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగిస్తే. ఒకదాన్ని గన్నుతో ముందే నొక్కేస్తే రిమ్ము ఆ పక్కకే కూర్చుండిపోతుంది, మిగతావి ఎంత బిగించినా ఏం లాభం. రింగుంటే ఆ అవకాశం ఉండదు, అంతే తేడా. కాబట్టి నా కోపం రింగు మీద నుంచి గన్ను మీదికి మళ్ళింది. బ్యాలెన్సింగు తేడా, అంటే చక్రం బరువు చుట్టూ సమంగా లేకపోవడం, కూడా అయ్యుండొచ్చనుకోండి. రేపు నట్లు కొంచెం వదులు చేసి, ముందు చక్రాలు రెండూ జాకీ మీద ఎత్తి విప్పి, హబ్బు మీద తుప్పేమైనా ఉంటే వైర్ బ్రష్‌తో గీకి నేనే బిగిస్తాను. అప్పటికీ వణికితే రింగులు, ఆ పైన బ్యాలెన్సింగు.

17 తీసేసి 16 అంగుళాల రిమ్ములు తీసుకోవడం మాత్రం నా గెలుపు. టైరు సైజు 215/55 పోయి 215/60 వచ్చింది (రెండో అంకె టైరు గోడ ఎత్తు, వెడల్పులో ఎన్నో శాతమో చెప్తుంది), మొత్తం ఎత్తులో తేడా 4 మిల్లీమీటర్లే, స్పీడోమీటరుకి తెలియను కూడా తెలియదు, గుంటలకి గోడ ఎత్తున్న టైరే నయం. ఇనుప రిమ్ములు చాలన్నాను గానీ అక్కడ నేనే ఓడాను. నల్లవి బాగానే ఉన్నాయి, ఈయనకి చెప్పకండి.

టైర్లో గాలి తగ్గితే చెప్పే సెన్సర్లు పాత రిమ్ముల్లోనే ఉండిపోయాయి, కాబట్టి డాష్‌బోర్డులో పసుపు లైటు చలికాలమంతా వెలుగుతూనే ఉంటుంది. 5, 6 డిగ్రీల చలి పెరిగితే టైర్లో గాలి ఒత్తిడి ఒక పీఎస్ఐ (గేజి మీద ఒక గీత కొలత) దాకా పడిపోతుంది, లైటు ఎటూ వెలుగుతోంది కనక నిజంగా గాలి తగ్గినా తెలియదు, గేజి పెట్టి నేనే చూసుకోవాలి.

విప్పిన పాత టైర్ల లోపలివైపు సుద్దతో ముందు ఎడమ, ముందు కుడి అని శ్రద్ధగా రాసుకున్నాను, వసంతంలో ముందువి వెనక్కి మార్చడానికి. సాయంత్రం ఈయన నాలుగింటినీ సబ్బు పెట్టి తోమి, తళతళా మెరిసేలా పేర్చి వచ్చారు. ఇప్పుడు ఏది ఏదో గాళ్ళ లోతు కొలిచి పోల్చుకోవాలి. పైగా అంత కష్టపడి కడిగితే ఒక్క మాటైనా మెచ్చుకోలేదని అలక.