రీఛార్జ్ కొట్లో బావతో వాదన

పోటీ ఉన్నంతకాలం ఎవడి గుత్తాధిపత్యమూ నిలవదని మా బావ గట్టి నమ్మకం. ఇవాళ మధ్యాహ్నం పర్లాకిమిడి బజారులో ఆయన రీఛార్జ్ కొట్టుకి వెళ్తే మళ్లీ అదే వాదన. ఎండకి బేరాల్లేవు, తీరిక బాగానే దొరికింది.

"నోకియాని కొట్టేవాడే లేడనుకున్నాం. ఏటైంది? ఫొటో ఫిల్ముల కంపెనీ కొడాక్ 2012లో దివాలా తీసింది కదా?" అన్నాడు.

పెద్దవాళ్లూ కూలతారు, నిజమే. కానీ నోకియా జాగాలోకి వంద చిన్న కంపెనీలేం రాలేదు బావా, యాపిల్, శాంసంగ్, గూగుల్ వచ్చాయి అన్నాను.

ఆయన కొట్టు షట్టరే చూపించాను. ఎయిర్‌సెల్ స్టిక్కర్ సగం చిరిగి వేలాడుతోంది. దాని పక్కన టాటా డొకోమో, రంగు వెలిసిపోయి. ఒకప్పుడు దేశంలో పదికి పైగా కంపెనీలు సిమ్‌లు అమ్మేవి. 2012లో సుప్రీంకోర్టు 122 టెలికాం లైసెన్సులు రద్దు చేసింది కాబట్టే కొన్ని పోయాయని బావ అడ్డుపడ్డాడు. అదీ ఒక కారణమే. కానీ 2016 సెప్టెంబరులో జియో ఉచిత డేటాతో దిగాక జరిగింది వేరు. ఎయిర్‌సెల్ దివాలాకి వెళ్లింది. 2018లో వొడాఫోన్, ఐడియా ఒకటయ్యాయి. టాటా మొబైల్ వ్యాపారం ఎయిర్‌టెల్‌లో కలిసిపోయింది. ఇప్పుడు ప్రైవేటులో మిగిలినవి మూడే, ప్రభుత్వానిది బీఎస్ఎన్ఎల్. ఇదంతా పోటీ లేక జరిగింది కాదు, పోటీ వల్లే జరిగింది. ధర తగ్గించి, నష్టం భరించి, ఎక్కువకాలం నిలబడగలిగినవాడు మిగతావాళ్లని మింగుతాడు. కార్ల్ మార్క్స్ 1867లోనే 'పెట్టుబడి' పుస్తకంలో ఈ సంగతి రాశాడు, అప్పు దొరకడం కూడా పెద్దవాడికే కలిసొస్తుందని సహా.

"దానికి చట్టాలున్నాయి కదా?"

ఉన్నాయి, ఉండాలి కూడా. అమెరికాలో 1911లో కోర్టు స్టాండర్డ్ ఆయిల్ అనే చమురు గుత్త కంపెనీని 34 కంపెనీలుగా విడగొట్టింది. వాటిలోంచి ఎదిగిన ఎక్సాన్, మొబిల్ 1999లో మళ్లీ కలిసిపోయాయి. ఒకసారి తీర్పు ఇచ్చి వదిలేస్తే చాలదు, కనిపెట్టుకుని ఉండాలి.

"డేటా చవకైంది, జనానికి మేలే కదా" అన్నది బావ చివరి అస్త్రం. చవకైన మాట నిజం. కానీ 2024 జులై మొదటి వారంలో మూడు కంపెనీలూ ఒకదాని వెంట ఒకటి రేట్లు పెంచాయి. జనం వచ్చి బావనే నిలదీశారు. ప్లాన్ ధర ఆయన చేతిలో లేదు, కమీషనూ ఆయన చేతిలో లేదు. కొట్టు అద్దె, కరెంటు బిల్లు మాత్రం ఆయనవే. చిన్న కొట్లు ఇంకా బతికే ఉన్నాయిగా అని వాదించేవాళ్లని నేను అడిగేది ఇదే: వాటిలో ఎన్ని తమ సరుకు ధర తాము చెప్పగలుగుతున్నాయి?