ఒకటి కలిపావా?

1984 నుంచి 2024 వరకు 40 వేసవులు గడిచాయని మన బడి పూర్వ విద్యార్థుల సంచిక కమిటీవారు తమ ఉత్తరంలో రాశారు. రెండు చివరలనూ లెక్కలోకి తీసుకుంటే 41. పదో తరగతి బి సెక్షన్‌లో కూర్చున్నవారెవరూ ఈ సవరణ చేయకుండా ఉండలేరు గనుక కమిటీవారు నొచ్చుకోవద్దని మనవి.

ఆ ఏడాది లెక్కల మాస్టారు ఇంకేమేం చెప్పారో గాని, నాకు మిగిలినవి శ్రేఢులే, అంటే ఒక నియమంతో సాగే సంఖ్యల వరసలే. ఏడుతో భాగించబడే రెండంకెల సంఖ్యల మొత్తం కట్టమంటే, 98లోంచి 14 తీసి, ఏడుతో భాగించి, పదాలు 12 అని నేను రాసేలోపే వెనకనుంచి మాస్టారి గొంతు "ఒకటి కలిపావా?" అని వినబడేది. కలిపితే 13 పదాలు, మొత్తం 728. సమాన తేడాతో సాగే అంకశ్రేఢిలోని మూడు సంఖ్యల మొత్తం 15, లబ్ధం 80 అన్నప్పుడు "నడిమివాణ్ణి పట్టుకోండి, అటువాడూ ఇటువాడూ వాళ్లే వస్తారు" అనేవారు. 2, 5, 8 అని, పదానికీ పదానికీ తేడాయే లేని, అంటే ముందుకే సాగని, మా 'పదాంతరం సున్నా'గాడు కూడా చెప్పేశాడంటే ఆ కిటుకు ఎంతటిదో చూడండి.

ఇక చదరంగం రోజు. మొదటి గడిలో ఒక గింజ, ఆపైన గడిగడికీ రెట్టింపు. వరుసగా ఒక్కొక్కరం లేచి నల్లబల్ల మీద ఒక్కో గడి కట్టాలి. 64వ గడి తేలాక, అన్నీ కూడనక్కరలేదనీ, చివరిదాన్ని రెట్టించి ఒకటి తీసేస్తే చాలుననీ చెప్పి, మహావీరాచార్యుని గణితాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పద్యం అందుకున్నారు. అందులో మాటలే అంకెలు: "శర శశి షట్క చంద్ర" అంటే 5, 1, 6, 1. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు చదువుకుంటూ పోవాలి. మన అంకెలు పద్యానికి కుదరలేదు. మాస్టారు సుద్దముక్కతో పైనుంచి వెతుక్కుంటూ వచ్చి, నేను కట్టిన 21వ గడి దగ్గర ఆగారు. 5,24,288ని రెట్టిస్తూ, ఎనిమిది రెళ్లు పదహారులో ఆరు వేసి, పదుల స్థానంలోకి వెళ్లవలసిన ఒకటిని నేను వదిలేశాను. ఆయన ఏమన్నారో మీకందరికీ తెలుసు. నా గడితో కలిపి 44 గళ్లు చెరిపి మళ్లీ కట్టేసరికి మధ్యాహ్నం గంట కొట్టి చాలాసేపయింది, హరశ్రేఢి (ఇదీ మా తరగతిలో ఒకడి మారుపేరే) ఏడుపు మొహం పెట్టాడు, కానీ 18446744073709551615 అక్షరాలా పద్యంతో సరిపోయింది.

తర్వాత నేను విద్యుత్ శాఖలో చేరి సూపరింటెండింగ్ ఇంజనీరుగా విరమించాను. 50 మీటర్లకొకటి చొప్పున మూడు కిలోమీటర్ల లైనుకు 60 స్తంభాలంటూ బల్లమీదికొచ్చిన అంచనాలమీద ఎర్రసిరాతో ఏమి రాసేవాణ్ణో వేరే చెప్పనక్కరలేదు. 61వ స్తంభం కోసం ఏ ఊరూ ఆగకుండా చూశానన్న సంతృప్తి మాత్రం ఉంది.

భోజనాల లెక్క వేసేవారికి ఒక మాట: హరశ్రేఢి వస్తున్నాడట, వాడి వరసలో ఒకటి కలపండి.