ఎనియాక్‌ను ఎందుకు ఆపేవారు కాదంటే

తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్ ఎనియాక్ అనగానే అందరూ 30 టన్నుల బరువు గురించే చెబుతారు. నన్నడిగితే అసలు పనితనం వాక్యూమ్ ట్యూబుల దగ్గరుంది, అంటే దాంట్లో స్విచ్చుల్లా పనిచేసే, గాలి తీసేసిన గాజు గొట్టాల దగ్గర. దాదాపు 18,000 ట్యూబులు! పని మధ్యలో ఒక్కటి పోయినా లెక్క తప్పే. అందుకే దాని ముఖ్య ఇంజనీరు ఎకర్ట్ వాటిని రేటింగ్ (అవి తట్టుకోగల పరిమితి) కంటే బాగా తక్కువ లోడు మీద నడిచేలా డిజైన్ చేశాడు. ట్యూబులు ఎక్కువగా పోయేది మెషీన్ ఆన్ చేసినప్పుడు, ఆపినప్పుడు. ట్యూబు లోపలి హీటరు వేడెక్కి సాగుతుంది, చల్లారి ముడుచుకుంటుంది, చివరికి తెగుతుంది. దాంతో లెక్కలేమీ లేకపోయినా ఆన్‌లోనే ఉంచేవారు, సుమారు 150 కిలోవాట్లు తాగుతున్నా సరే. క్రమంగా రెండు రోజులకో ట్యూబు పోయే స్థితికి వచ్చింది. 1954లో ఏదీ పాడవకుండా ఏకబిగిన 116 గంటలు నడిచింది. కొత్త లెక్క ఎక్కించడమే నరకం: కేబుళ్లు పీకి మళ్లీ గుచ్చాలి, స్విచ్చులన్నీ తిప్పాలి. 1948లో ఆ పద్ధతి మార్చేదాకా దానికే రోజులు పట్టేది.