కొత్త ఎల్‌ఎంఎస్‌కి మారేటప్పుడు ముందు మార్కుల లెక్క చూడండి

యూనివర్సిటీ కొత్త ఎల్‌ఎంఎస్‌కి (పాఠాలు, పరీక్షలు, మార్కులు ఆన్‌లైన్‌లో నడిపే సాఫ్ట్‌వేర్‌కి) మారబోతోందని తేలగానే సపోర్టు టీమ్ సాధారణంగా చేసే మొదటి పని ఒక పెద్ద శిక్షణ పెట్టడం. హాలు నిండా అధ్యాపకులు, తెర మీద డెమో కోర్సు, ఏ మెనూ ఎక్కడుందో రెండు గంటల పరిచయం. వారం తిరిగేసరికి అందులో ఎవరికీ ఏమీ గుర్తుండదు. వాళ్లకి శ్రద్ధ లేక కాదు. ఆ డెమో కోర్సులో వాళ్ల పాఠాలు లేవు, వాళ్ల క్విజ్‌లు లేవు, అన్నిటికంటే ముఖ్యంగా వాళ్ల మార్కుల లెక్క లేదు.

మూడుల్ నుంచి కాన్వాస్‌కి, బ్లాక్‌బోర్డ్ నుంచి మూడుల్‌కి, ఈ ఎల్‌ఎంఎస్‌లలో ఎటు నుంచి ఎటు వెళ్లినా ఫైళ్లు ఎలాగోలా వచ్చేస్తాయి. రానివి సెట్టింగులు. వాటిలో అత్యంత ప్రమాదకరమైనవి గ్రేడ్‌బుక్‌వి, అంటే మార్కుల పట్టికవి, ఎందుకంటే అవి తప్పైతే సెమిస్టరు చివరిదాకా ఎవరికీ తెలియదు. అందుకే అధ్యాపకుడితో కూర్చోగానే "మీ కోర్సులో ఏమేం ఉన్నాయి సార్?" అని కాకుండా "ఫైనల్ మార్కులు ఎలా వేస్తారు?" అని అడగాలి. ఏ విభాగానికి ఎంత శాతం, క్విజ్‌లన్నీ లెక్కలోకి వస్తాయా లేక తక్కువ వచ్చినవి వదిలేస్తారా, ఆలస్యంగా ఇస్తే ఎంత కోత, అసలు ఇవ్వకపోతే సున్నానా ఖాళీనా. ఈ నాలుగిటికీ జవాబులు కాగితం మీద ఉంటే కోర్సు ఎలా కట్టాలో చాలావరకు తేలిపోతుంది.

శాతాల సంగతి ఒక ఉదాహరణతో చూద్దాం. పది మార్కుల క్విజ్‌లు పది, 50 మార్కుల మిడ్‌టర్మ్, 100 మార్కుల ఫైనల్. అధ్యాపకుడి ఉద్దేశం క్విజ్‌లకి 20, మిడ్‌టర్మ్‌కి 30, ఫైనల్‌కి 50 శాతం. ఒక విద్యార్థికి క్విజ్‌లలో 90, మిడ్‌టర్మ్‌లో 30, ఫైనల్‌లో 60 వచ్చాయి. అధ్యాపకుడి లెక్కలో 18, 18, 30 కలిపి 66 శాతం. వెయిటేజీ పెట్టకుండా వదిలేస్తే సాఫ్ట్‌వేర్ మార్కులన్నీ కూడి 250కి 180, అంటే 72 శాతం చూపిస్తుంది. ఏ ఎర్రరూ రాదు. తెర మీద అంకె ఉంటుంది, అది నిజమనే అందరూ అనుకుంటారు. మూడుల్‌లో 2.8 వెర్షన్ నుంచి వచ్చిన 'నేచురల్' పద్ధతి మామూలుగా ఇలాగే కూడుతుంది. శాతాలు కావాలంటే కేటగిరీలు పెట్టి వాటి వెయిట్లు మనమే మార్చాలి. కాన్వాస్‌లో అసైన్‌మెంట్ గ్రూపులు చేస్తే సరిపోదు, గ్రూపులకి వెయిటేజీ ఇచ్చే టిక్కు విడిగా పెట్టాలి. అది పెట్టాక కూడా గ్రూపు లోపల 20 మార్కుల క్విజ్ 10 మార్కుల క్విజ్‌కి రెట్టింపు బరువు తూగుతుంది. అన్ని క్విజ్‌లూ సమానమని అధ్యాపకుడు అనుకుంటుంటే గరిష్ఠ మార్కులు సమానంగా ఉండేలా చూసుకోవాలి.

ఖాళీ గడుల గొడవ ఇంతకంటే పెద్దది. పది క్విజ్‌లలో ఆరే రాసి ప్రతిదాంట్లో 9 తెచ్చుకున్న విద్యార్థికి ఖాళీలు వదిలేస్తే 60కి 54, తొంభై శాతం. ఖాళీలని సున్నాలుగా తీసుకుంటే 54 శాతం. మూడుల్, కాన్వాస్ రెండూ మామూలుగా మొదటి లెక్కే చూపిస్తాయి. సెమిస్టరు మధ్యలో అది సబబే, ఇంకా జరగని పరీక్షకి సున్నా వేయకూడదు కదా. కానీ గడువు దాటినవాటికి సున్నా పడాలి. కాన్వాస్‌లో గడువు దాటినా అందని పనికి దానంతటదే సున్నా వేసే పాలసీ పెట్టుకోవచ్చు. మూడుల్‌లో ప్రతి గడువు తర్వాత ఖాళీలు సున్నాలతో నింపాలి, లేదా చివర్లో కేటగిరీ సెట్టింగులో ఖాళీ గ్రేడ్లని మినహాయించే టిక్కు తీసేయాలి. ఏ పద్ధతైనా సరే, ఎప్పుడు ఎవరు చేస్తారో ముందే అనుకోవాలి.

ఇదంతా సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి ముగ్గురు ఉత్తుత్తి విద్యార్థులు చాలు: అన్నీ రాసినవాడు, రెండు వదిలేసినవాడు, ఒకటి ఆలస్యంగా ఇచ్చినవాడు. వాళ్లకి మార్కులు వేసి, కాగితం మీద వేసిన లెక్కతో తెర మీది లెక్క పోల్చాలి. కాన్వాస్‌లో స్టూడెంట్ వ్యూ ఒక టెస్ట్ విద్యార్థిని తనే సృష్టిస్తుంది, గ్రేడ్‌బుక్‌లో కూడా కనిపిస్తాడు. మూడుల్‌లో రోల్ మార్చుకుని చూస్తే పేజీలు విద్యార్థికి ఎలా కనిపిస్తాయో తెలుస్తుంది కానీ మార్కుల పట్టికలోకి ఎవరూ చేరరు. దానికి టెస్ట్ ఖాతాలు తీసుకుని కోర్సులో నమోదు చేయాల్సిందే.

ఇక సరుకు తరలింపు. వేర్వేరు సాఫ్ట్‌వేర్ల మధ్య కోర్సు మోసుకెళ్లడానికి ఎక్కువగా వాడేది కామన్ కార్ట్రిడ్జ్, అంటే కోర్సుని ఒకే ఫైలుగా కట్టే ఉమ్మడి ఫార్మాట్. పేజీలు, ఫైళ్లు, బయటి లింకులు, చర్చాంశాలు, మామూలు రకం క్విజ్‌లు అందులో వస్తాయి. విద్యార్థులు ఇచ్చిన అసైన్‌మెంట్లు, చర్చల్లో వాళ్ల జవాబులు, మార్కులు, గ్రూపులు, "ఇది పూర్తయితేనే అది తెరుచుకోవాలి" లాంటి షరతులు రావు. రూబ్రిక్‌లు (ఏ అంశానికి ఎన్ని మార్కులో చెప్పే పట్టికలు) వస్తాయన్న ఆశ పెట్టుకోకపోవడమే మంచిది. పబ్లిషర్ల టూల్స్, ప్లేజియరిజం చెకర్ లాంటివి ఎల్‌టీఐ అనే అనుసంధాన ప్రమాణంతో ఎల్‌ఎంఎస్‌కి కలిసి ఉంటాయి. వాటి లింకు వచ్చినా వెనకున్న కనెక్షన్ రాదు. అడ్మిన్ కొత్తగా నమోదు చేయాలి, అధ్యాపకుడు ఆ లింకు మళ్లీ పెట్టుకోవాలి.

అందరినీ మోసం చేసేవి పాత సర్వరు లింకులు. "మూడో పాఠం ఇక్కడ చూడండి" అని పేజీలో పెట్టిన లింకు పాత ఎల్‌ఎంఎస్ చిరునామాతోనే కొత్త కోర్సులోకి వస్తుంది. అధ్యాపకుడు నొక్కి చూస్తే బ్రహ్మాండంగా తెరుచుకుంటుంది, పాతదాంట్లో ఆయన ఇంకా లాగిన్ అయి ఉన్నాడు మరి. కొత్త విద్యార్థికి తెరుచుకోదు. పాత సర్వరు ఆపేసిన రోజున అందరికీ పోతుంది. దీన్ని పట్టుకోవడం తేలికే: కార్ట్రిడ్జ్ ఫైలు నిజానికి జిప్ ఫైలే, పేరు చివర జిప్ అని మార్చి విప్పి, లోపలి ఫైళ్లన్నిట్లో పాత సర్వరు డొమైన్ పేరు వెతకాలి. ఎక్కడెక్కడ ఉందో జాబితా వచ్చేస్తుంది. కాన్వాస్‌లోనైతే లింకులు తనిఖీ చేసే సదుపాయం ఉంది, కానీ అది పగిలిన లింకుల కోసమే. పాత సర్వరు బతికున్నంతకాలం ఆ లింకు దాని కంటికి బాగానే ఉండొచ్చు.

ప్యాకేజీ అప్‌లోడ్ అవకపోతే ముందు సైజు చూడండి. మూడుల్ నడిచే పీహెచ్‌పీ అనే సర్వరు భాషలో ఒక్కో ఫైలుకి డిఫాల్టు పరిమితి 2 ఎంబీ, మొత్తం ఫారానికి 8 ఎంబీ. దాని ముందు ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వరు ఉంటే దాని డిఫాల్టు 1 ఎంబీ. మూడూ పెంచాలి, ఒకటి పెంచి రెండు వదిలేస్తే ఇంకో రకం ఎర్రరు వస్తుంది, అంతే. అయినా వీడియోలని కోర్సు ప్యాకేజీలో మోయకూడదు. వాటిని వీడియో సర్వీసులో పెట్టి కోర్సులో ఎంబెడ్ చేస్తే ప్యాకేజీ చిన్నదవుతుంది, వచ్చే సెమిస్టరు కాపీ చేసుకోవడమూ సులువవుతుంది. ఏళ్ల తరబడి కాపీ మీద కాపీగా పేరుకున్న పాత కోర్సులనైతే అసలు దిగుమతి చేయకపోవడమే నయం. ఖాళీ కోర్సులో అవసరమైనవి చేత్తో పెట్టుకుంటే, దిగుమతి చేసి చెత్త ఏరడం కంటే తక్కువ పనితో అయిపోతుంది.

క్విజ్‌లలో ఒక్క జవాబు ఎంచుకునేవి, ఒప్పు తప్పు రకాలు సురక్షితంగా చేరతాయి. అంకెలు మారుతూ వచ్చే కాలిక్యులేటెడ్ ప్రశ్నలు, వాక్యం మధ్యలో ఖాళీలు పూరించేవి తరచూ విరిగిపోతాయి. నెగటివ్ మార్కులు, పాక్షిక మార్కులు, ప్రశ్నల గుంపులోంచి యాదృచ్ఛికంగా తీసే ఏర్పాటు ప్రతి క్విజ్‌లో తెరిచి చూడాలి. సమీకరణాల విషయంలో మూడుల్‌లో ఒంటి డాలరు గుర్తుల మధ్య రాసిన లేటెక్ (సమీకరణాలు టైపు చేసే పద్ధతి) డిఫాల్టుగా సమీకరణంగా మారదు, జంట డాలర్లు కావాలి. ప్రశ్నలు వర్డ్ ఫైల్లో మాత్రమే ఉంటే మూడుల్‌కి ఐకెన్ ఫార్మాట్ మంచి దారి: ఒక పంక్తిలో ప్రశ్న, తర్వాత పంక్తికొకటి చొప్పున ఇంగ్లీషు పెద్ద అక్షరం, దాని పక్కన చుక్కతో మొదలయ్యే ఐచ్ఛికాలు, చివర పెద్ద అక్షరాల్లో ఆన్సర్ అన్న ఇంగ్లీషు మాట, కోలన్, సరైన అక్షరం. ఫైలు యూటీఎఫ్-8లో సేవ్ చేయకపోతే తెలుగు ప్రశ్నలు ప్రశ్నార్థకాల వరసలుగా మారతాయి. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో టైపు చేసినవైతే ముందు యూనికోడ్‌లోకి మార్చాకే ఈ పని.

తేదీల దగ్గర మూడు చోట్ల కాలు జారుతుంది. రాత్రి 12:00 అని గడువు పెడితే ఆ తేదీ మొదలయ్యే క్షణానికే గడువు ముగుస్తుంది, 11:59 పెట్టాలి. మూడుల్ అసైన్‌మెంట్లో డ్యూ డేట్ దాటినా పని తీసుకుంటూనే ఉంటుంది, ఆలస్యమని ముద్ర వేస్తుంది. తలుపు మూసేది కటాఫ్ డేట్. క్విజ్‌కి గంట సమయమిచ్చి పదింటికి తెరిచి పదకొండింటికి మూస్తే, పది ఇరవైకి మొదలుపెట్టినవాడికి నలభై నిమిషాలే మిగులుతాయి.

"విద్యార్థులకి ఏమీ కనిపించట్లేదు" అన్న ఫోన్లు మొదటి వారంలో వరదలా వస్తాయి. కాన్వాస్‌లో కోర్సు, మాడ్యూలు, అందులోని అంశం మూడూ విడివిడిగా పబ్లిష్ అవ్వాలి. మూడుల్‌లో కోర్సు దాగి ఉందేమో ముందు చూడాలి. ఒకే కోర్సు రెండు సెక్షన్లకి చెబుతుంటే, కాన్వాస్‌లో వాటిని కలపడం విద్యార్థులు ఒక్క పనైనా ఇవ్వకముందే అయిపోవాలి, లేకపోతే ఇచ్చిన పనులు పాత కోర్సులో ఉండిపోతాయి.

శిక్షణ మాటకొస్తే, ఒకే శాఖ నుంచి ఐదారుగురు, ముప్పావుగంట, ప్రతి ఒక్కరి ముందూ వాళ్ల సొంత కోర్సు. బయటికి వెళ్లేలోపు ఒక్క పని పూర్తవ్వాలి: ఈ వారం గ్రేడ్‌బుక్, వచ్చేవారం ఒక క్విజ్. గణితం వాళ్లనీ భాషాశాస్త్రం వాళ్లనీ ఒకే గదిలో కూర్చోబెడితే సగం మంది తమకి పనికిరానిది వింటూ కూర్చుంటారు. వచ్చే సెమిస్టరులో చెప్పబోయే కోర్సులకే ముందు సాయం చేయాలి. ఏడాది తర్వాత చెప్పేదానికి ఇప్పుడు నేర్పినా వృథా. పీడీఎఫ్‌లు పెట్టి మార్కులు వేసుకుంటే చాలనే అధ్యాపకుడికి అంతే నేర్పండి. ఈ సందు చూసుకుని ఆయన బోధన పద్ధతి మార్చేద్దామనుకుంటే రెండూ చెడతాయి. "పాతదే బాగుండేది" అన్నవాళ్లతో వాదించకండి, కొన్ని విషయాల్లో అది నిజమే. ఏ సదుపాయం పోయిందో, బదులు ఏం చేయాలో ఒక పేజీలో రాసి ఇస్తే వాదన అక్కడితో ఆగుతుంది.

పాతదాన్ని ఆపేముందు మార్కుల సీఎస్‌వీలు (కామాలతో విడదీసిన పట్టిక ఫైళ్లు), అసైన్‌మెంట్ల జిప్‌లు దింపుకోవాలి. సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే హాల్‌టికెట్ నంబర్ల ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, కాబట్టి అసలు ఫైలు ముట్టుకోకుండా కాపీ మీద పని చేయండి. రీవాల్యుయేషన్లు, పెండింగ్ గ్రేడ్లు ఉంటాయి గనుక కనీసం ఒక సెమిస్టరు పాతదాన్ని చదవడానికి మాత్రమే తెరిచి ఉంచాలి. అలా మార్చిన రోజే ఒక అధ్యాపకుడి ఖాతాతో లాగిన్ అయి చూడండి. సింగిల్ సైన్-ఆన్‌ని (ఒకే యూనివర్సిటీ ఖాతాతో అన్నిట్లోకీ లాగిన్ అయ్యే ఏర్పాటుని) కొత్తదానికి మళ్లించేటప్పుడు పాతదాని లాగిన్ కూడా తెగిపోవడం మామూలే.